సౌమ్య, గుగులోతు
భారత మహిళా ఫుట్‌బాల్ జట్టు ఫార్వర్డ్. 2001లో పుట్టిన ఈమెది నిజామాబాద్. మొదట పరుగు పందేల అమ్మాయి. ఆ వేగాన్ని చూసిన శిక్షకుడు ఫుట్‌బాల్ వైపు మళ్లించారు. ఆట మారినా వేగం వృథా కాలేదు: మైదానం అంచు వెంబడి బంతితో దూసుకెళ్లడమే ఈమె ప్రధాన బలం. సెవెన్స్ రగ్బీలో 2016 ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఆస్ట్రేలియా క్రీడాకారిణి షార్లట్ కాస్లిక్ కూడా ఇలాగే ఆట మారి, 2020లో రగ్బీ లీగ్‌లో సిడ్నీ రూస్టర్స్‌కు ఆడింది. అయితే అవి ఒకే కుటుంబపు ఆటలు. సౌమ్య దాటిన దూరం ఇంకా ఎక్కువ.

గోకులం కేరళకు ఆడిన సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌లో చేరింది. తెలంగాణ జిల్లా పట్టణం నుంచి ఐరోపా క్లబ్‌కు వెళ్లడం అరుదైన ఘనత. 2024–25లో ఈస్ట్ బెంగాల్ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలవడంలో పాలుపంచుకుంది. ఆ ఏడాది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఈమెదే.