గవాచి వెలుగు

దువ్వూరులో మా పెద్దమ్మది పాతకాలపు మట్టిమిద్దె. మధ్యింటికి కిటికీల్లేవు, పైకప్పులో ఒక్క గవాచి తప్ప. అందులోంచి దిగిన ఎండ నేల బండల మీద జరిగి జరిగి గోడెక్కి మాయమైతే, అదీ దీపం వేళ. గదిలోంచి మనిషి లేవడం తరువాయి, వెనకే వెళ్ళి దీపం ఆర్పేసేది. "ఎవురూ లేని ఇంట్లో దీపమెందుకు మే, దయ్యాలకా?" అనేది నాతో.

ఇప్పుడా పని సెన్సార్లు చేస్తున్నాయి. మనవడు పెట్టించాడు.

దీపానికి ఈ తెలివి ఎలా వచ్చిందో చూడండి. 1873లో విల్లోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సముద్రం అడుగు తంతితీగెల్ని పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడాడు. లెక్క ఎప్పుడూ ఒకేలా రాదు! తీరా చూస్తే, వెలుతురు పడినప్పుడు కడ్డీలో కరెంటు సులువుగా పారుతోంది, మూత వేస్తే తగ్గుతోంది. చీకటి పడిందని చెప్పే సెన్సారుకు అదే మూలం.

మనిషి ఉన్నాడని చెప్పే సెన్సారు కథ ఇంకా పాతది. 1800లో ఖగోళ శాస్త్రజ్ఞుడు విలియం హెర్షెల్ సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టాడు. ఎరుపు దాటాక, కంటికేమీ కనబడని చోట వేడి ఇంకా ఎక్కువైంది. అవే పరారుణ కిరణాలు. మన ఒంటి వేడీ అలాగే వెలువడుతుంది. అది కదిలితే సెన్సారు పసిగడుతుంది.

చీకటీ ఉండాలి, కదలికా ఉండాలి, అప్పుడే దీపం. కదలిక ఆగితే కాసేపటికి ఆరిపోవాలి. 2007లో కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి కూడా పెద్ద వాణిజ్య భవనాల్లో ఇలాంటి ఏర్పాటు ఉండాలంది.

చిక్కల్లా ఆ కదలికతోనే. మా వాళ్ళు సెన్సారును వాకిలి వైపు తిప్పి బిగించారు. పెద్దమ్మ మంచమేమో గాదె చాటున. ఒక సాయంత్రం ఆమె ఊరికే కూర్చునుండగా దీపం ఆరిపోయింది. చీకట్లో లేవబోయి గడప తట్టుకుంది. దెబ్బ చిన్నదే గాని, అన్నమాట నాకు తగిలింది: "కదల్లేనోళ్ళు ఇంట్లో లేనట్టేనామే?"

మర్నాడే మనవడు సెన్సారును మంచానికి ఎదురుగా మార్చి, గడువు అర్ధగంటకు పెంచాడు. చేతికందేలా మామూలు స్విచ్చి కూడా పెట్టించాడు. పెద్దమ్మ ఆ స్విచ్చే వాడుతుంది. మేమంతా పడుకున్నామో లేదో ఓసారి తొంగిచూసి మరీ కట్టేస్తుంది.