తూకానికి వేసే ముందు: కుట్టుమిషన్ చరిత్ర, మరమ్మతు

పాత ఇనుప సామాన్ల కొట్లో కుట్టుమిషన్‌కు కిలోల లెక్కే వెల. కింది స్టాండును మాత్రం కొందరు విడిగా అడిగి కొంటారు. పైన గాజు పలక వేస్తే హోటల్లో బల్లగా పనికొస్తుందని. మిషన్ తల మూలన పడి ఉంటుంది. దాన్ని తెచ్చి బాగుచేయించాలా, వదిలేయాలా? అమ్మమ్మ తొక్కిన మిషన్ అటక మీద ఉన్నవాళ్లకూ ఇదే ప్రశ్న. దీన్ని మమకారంతో మాత్రమే తేల్చుకోలేం. ఆ యంత్రం ఏ కాలంలో, ఏ నమూనా మీద తయారైందో తెలియాలి. కుట్టుమిషన్ చరిత్ర మొత్తం చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది: నమూనా పదిమందిదీ అయిన మిషన్‌కు ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతున్నాయి. ఒక్క కంపెనీ చేతిలోనే ఉండిపోయిన మిషన్ ఆ కంపెనీతోనే ముగిసిపోయింది.

పుట్టుకలోనే పదిమంది చెయ్యి

1790లో ఇంగ్లండులో థామస్ సెయింట్ అనే వడ్రంగి తోలు కుట్టే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అది దస్త్రాల్లోనే ఉండిపోయింది. 1830లో ఫ్రాన్సుకు చెందిన దర్జీ బార్తెలెమీ తిమోనియే గొలుసు కుట్టు వేసే యంత్రానికి పేటెంటు పొంది, పారిస్‌లో సైనికుల దుస్తులు కుట్టే కార్ఖానా నడిపాడు. తమ కూడు పోతుందని భయపడ్డ దర్జీలు గుంపుగా వచ్చి ఆ మిషన్లను ధ్వంసం చేశారు. తిమోనియే 1857లో పేదరికంలోనే కన్నుమూశాడు.

ఈనాటి కుట్టుకు దారి అమెరికాలో పడింది. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన యంత్రంలో సూదికి కన్ను మొన దగ్గరే ఉంది. పై దారం సూదిలోంచి, కింది దారం షటిల్ లోంచి వచ్చి బట్ట మధ్యలో ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. ఈ కుట్టు ఒకచోట తెగినా గొలుసు కుట్టులా వరసగా ఊడిపోదు. 1851లో ఐజాక్ సింగర్ నిలువుగా దిగే సూది, బట్టను అదిమిపట్టే పాదం ఉన్న మిషన్‌కు పేటెంటు తీసుకున్నాడు. బట్టను కింది నుంచి అడుగు అడుగూ ముందుకు నెట్టే పళ్ళు అలెన్ విల్సన్ ఆలోచన.

ఎవరి భాగం లేకపోయినా మిషన్ పూర్తికాదు. అందుకే ఒకరి మీద ఒకరు వ్యాజ్యాలు వేసుకున్నారు. చివరికి 1856లో ప్రధాన కంపెనీలు, హోవ్ కలిసి తమ పేటెంట్లను ఒకే కూటమి కిందకు తెచ్చారు. మిగతా తయారీదారులు ఆ కూటమికి రుసుము కట్టాల్సి వచ్చేది. 1877లో ఆ పట్టు సడలింది. అక్కడి నుంచి కుట్టుమిషన్ ఎవరైనా తయారుచేయగల వస్తువైంది. పాత మిషన్‌కు ఈ రోజు విడిభాగం దొరకడానికి మొదటి కారణం ఇదే.

వాయిదాల మీద మన వసారాల్లోకి

1856లోనే సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ వాయిదాల పద్ధతి ప్రవేశపెట్టాడు. ఒక్కసారి అంత డబ్బు పెట్టలేని ఇళ్లకు మిషన్ అందిన దారి అదే. భారతదేశంలో సింగర్ అమ్మకాలను 1870ల నుంచి విస్తరించినవాడు నుస్సెర్వాన్జీ మెర్వాన్జీ పటేల్ అనే పార్శీ ఏజెంటు. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో 1885 నాటికి పని మొదలుపెట్టిన మహా కర్మాగారం నుంచి మిషన్లు ఓడలెక్కి మన రేవులకు చేరాయి. బట్టల దుకాణం వసారాలో మిషన్ వేసుకుని కూర్చున్న దర్జీ మన బజార్లలో మామూలు దృశ్యమయ్యాడు. చొక్కా, లాగు, జాకెట్టు ఊరూరా కుట్టించుకునే బట్టలయ్యాయి.

యంత్రాల మీద అంత అనుమానం ఉన్న గాంధీజీ కూడా కుట్టుమిషన్‌ను మినహాయించారు. 1924లో ఒక సంభాషణలో ఆయన సింగర్ మిషన్‌ను నిజంగా ఉపయోగపడే కొద్ది వస్తువుల్లో ఒకటిగా చెప్పారు. భార్య పడే శ్రమ చూడలేక సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన నమ్మారు. చరిత్ర దానికి సాక్ష్యం ఇవ్వదు. సింగర్ డబ్బు కోసమే ఆ పనిలోకి దిగాడు. కానీ గాంధీజీ చూసిన గుణం మాత్రం నిజమే. ఒక మనిషి తన ఇంట్లో, తన చేతికింద పెట్టుకుని బతుకుదెరువు సంపాదించుకోగల యంత్రం అది.

1930ల మధ్యలో కలకత్తాలోని జై ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లు మొదలుపెట్టింది. తర్వాత లూధియానా చుట్టూ మిషన్లు, విడిభాగాలు తయారుచేసే చిన్న కార్ఖానాలు వెలిశాయి. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలిగా ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి కాలం నుంచి స్త్రీల స్వయంఉపాధి అనగానే కుట్టుమిషన్ గుర్తొచ్చే స్థితి వచ్చింది. భర్త పోయిన ఆవిడ మిషన్ కుట్టి పిల్లల్ని చదివించిందనే మాట వినని తెలుగు ఊరు ఉండదు.

పదిహేనో నమూనా వంశం

బాగుచేయాలా వద్దా అన్న ప్రశ్నకు అసలు ఆయువుపట్టు సింగర్ 15వ తరగతి నమూనా. 1880 ప్రాంతంలో మొదలై దశాబ్దాల పాటు కొద్ది మార్పులతో కొనసాగింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ పరిశ్రమ తన మిషన్లను దాదాపు ఈ కొలతలకే దిద్దుకుంది. ఏ కార్ఖానా భాగమైనా మరో కార్ఖానా మిషన్‌కు సరిపోయేలా చూసుకుంది. మన దేశపు నల్లతల ఇంటి మిషన్లలోనూ చాలావాటిది ఇదే వంశం. అందుకే మండల కేంద్రంలో గుండీలు, లేసులు అమ్మే కొట్టుకు వెళ్లినా దీని సూది, బాబిన్, బాబిన్ కేస్ చవగ్గా దొరుకుతాయి.

దీనికి భిన్నంగా 1865లో వచ్చిన సింగర్ 12 నమూనా ఒక కాలంలో ఇంటింటి మిషన్. దాని సూది కొలత వేరు, ఇప్పుడు దొరకడం కష్టం. పడవలాంటి పొడుగు షటిల్ ఉన్న 27, 28 నమూనాలు మధ్యస్థం. సూది మామూలుదే. షటిల్ పోతే మాత్రం వెతుకులాట తప్పదు.

ఏ మిషన్‌ది ఏ వంశమో తెలుసుకునే మార్గముంది. సింగర్ అయితే కుడివైపు పీఠం మీద నంబరు చెక్కి ఉంటుంది. 1900 తర్వాతవాటికి ముందు అక్షరం ఉంటుంది. వై, ఎఫ్ లాంటి అక్షరాలు క్లైడ్‌బ్యాంక్‌వి. ఆ నంబరుతో తయారైన కాలం తేల్చుకోవచ్చు.

చక్రం తిప్పి చూడండి

పాత మిషన్ ముందు కూర్చుని మొదట చేయాల్సిన పని చేతి చక్రాన్ని మనవైపుకు మెల్లగా తిప్పడం. బిగుసుకుపోయి కదలకపోతే నిరాశ పడనక్కర్లేదు. చాలాసార్లు కారణం తుప్పు కాదు, ఏళ్లతరబడి నిలిచి జిగురైన నూనె. నూనె రంధ్రాల్లో, కదిలే కీళ్లలో కిరసనాయిలు చుక్కలు వేసి, రాత్రంతా ఉంచి, మర్నాడు మిషన్ నూనె వేస్తూ అటూ ఇటూ కదపాలి. సుత్తి పట్టుకోకూడదు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పీఠానికో మెడకో పగులు ఉందేమో ముందే చూసుకోవాలి. ఉంటే ఆ మిషన్‌ను విడిభాగాల కోసం మాత్రమే తీసుకోవాలి. షటిల్ పట్టే కొక్కెం మొన తుప్పుకు తినేసి ఉంటే దారం ప్రతి కుట్టుకూ తెగుతుంది. ఆ ఖర్చు ముందే లెక్కవేసుకోవాలి.

శుభ్రం చేసేటప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది. నల్లని రంగు మీద బంగారు తీగల బొమ్మలకు పైపూతగా లక్క వేసేవారు. స్పిరిట్ తగిలితే లక్క కరిగి, బొమ్మ గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. మిషన్ నూనెతో దూది తడిపి నెమ్మదిగా తుడిస్తే చాలు.

1960ల నుంచి కంపెనీలు కొన్ని మిషన్లలో ఇనుప పళ్ళచక్రాల చోట ప్లాస్టిక్‌వి పెట్టాయి. అవి కాలానికి పెళుసెక్కి చీలిపోతాయి. అందువల్ల ఒక్కోసారి తొంభై ఏళ్ల మిషన్ కంటే నలభై ఏళ్ల మిషన్‌ను నిలబెట్టడమే కష్టం. ఎలక్ట్రిక్ మిషన్ అయితే ప్లగ్గు పెట్టే ముందు పాత వైరింగ్ మార్పించడం తప్పనిసరి.

విలువ ఎక్కడుంది

పాత మిషన్ అంటే లక్షలు పలుకుతుందన్న భ్రమ కూడా వదులుకోవాలి. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ల సూదిలో ఎంతో విలువైనదని చెప్పుకునే ‘ఎర్ర పాదరసం’ ఉందన్న పుకారు లేచి, జనం వేలం వెర్రిగా కొన్నారు. అందులో అలాంటిదేమీ లేదు. కోట్ల సంఖ్యలో తయారైన వస్తువుకు అరుదైనదన్న ధర రాదు. దాని విలువ కుట్టులో ఉంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. 15వ నమూనా వంశానికి చెంది, పగుళ్లు లేని ఇనుప మిషన్ దొరికితే బాగుచేయించండి. అయితే అది కుట్టే చేతికి చేరాలి. ఇంట్లో ఎవరూ కుట్టకపోతే నేర్చుకునే పిల్లకు ఇవ్వండి. సూది దొరకని అరుదైన నమూనా అయితే రంగులు వేయకుండా, ఉన్నది ఉన్నట్టు భద్రపరచండి. పగిలినదైతే దాని భాగాలు మరో రెండు మిషన్లను నడిపిస్తాయి.

ఈ నిర్ణయాలన్నీ ఒక మనిషి ఉన్నంతవరకే సాధ్యం: కుట్టుమిషన్ మెకానిక్. చేతి సంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, నూనె డబ్బా పెట్టుకుని, దారం లాగి చూసి టెన్షన్ ఎంత ఉండాలో చెప్పగలవాడు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సాయం ఉంది. దర్జీ మిషన్‌ను బాగుచేసేవాడి వృత్తి ఆ జాబితాలో లేదు. కొత్త మిషన్లు పంచడానికి ప్రభుత్వాలు పెట్టే ఖర్చులో కొంత ఈ విద్య నేర్పడానికి పెట్టాలి. ఐటీఐల్లో, మహిళా శిక్షణ కేంద్రాల్లో కుట్టు నేర్పేచోటే మరమ్మతూ నేర్పితే, మిషన్ ఆగిన రోజు ఆ ఇంటి ఆదాయం ఆగదు.