ఉద్యోగం కొండ మీద, కాపురం కింద

ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లోనే ఉండి చదువుకుని వెళ్ళిన ఒక అన్నకి టీచరు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు మన ఏజెన్సీలోనే, చింతపల్లి దాటి లోపలికి. ఆర్డరు చేతికొచ్చిన రోజు రాత్రి ఫోన్ చేసి, "ఒరే, రూమ్ ఎక్కడ తీసుకోమంటారు? నర్సీపట్నంలోనా, చింతపల్లిలోనా?" అని అడిగాడు. మేం రూమ్‌లో ఆరుగురం. నలుగురం నర్సీపట్నం అన్నాం. అక్కడ మంచి స్కూళ్ళున్నాయి, ఆసుపత్రులున్నాయి, బస్సులున్నాయి, రేపు నాలుగు డబ్బులు మిగిలితే స్థలం కొనుక్కోవచ్చు. ఇద్దరం మాత్రం చింతపల్లి అన్నాం. ఎందుకని అడిగితే గట్టి కారణం చెప్పలేకపోయాం. "మన ఊరి పక్కన కదా" అన్నాం అంతే.

మా ఆరుగురి ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. ఉద్యోగం వస్తే ఏ ఊళ్ళో కాపురం పెట్టాలో చెప్పేవాళ్ళు మా ఇళ్ళల్లో ఎవరూ లేరు. అందుకని లైబ్రరీకి పోయి పాత సంగతులు తిరగేశాం. ఇది ఒక్క అన్న అద్దె లెక్క కాదని అప్పుడు తెలిసింది. మన కొండ మీద పని చేసేవాడు ఎక్కడ ఉండాలన్న మాట మీద చాలా చరిత్రే నడిచింది.

1839 నుంచి మొదలుపెడదాం. ఆ సంవత్సరం ఇంగ్లీషువాళ్ళు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకి వేరే చట్టం చేశారు. మామూలు కోర్టులు, మామూలు రూల్సు ఇక్కడికి రావు. జిల్లా కలెక్టరే గవర్నరు తరఫున ఏజెంటు. మనం ఇప్పటికీ "ఏజెన్సీ" అంటున్న మాట ఆ ఏజెంటు నుంచి వచ్చిందే. కానీ ఆ ఏజెంటు కొండ మీద కాపురం పెట్టలేదు. కిందనే ఉన్నాడు. మన్యం జ్వరం అంటే కిందవాళ్ళకి హడలు. అధికారులు క్యాంపుకి రావడం, పని చూసుకుని దిగిపోవడం. మా వైపు కొండకి కింద ఉన్న గొలుగొండ తాలూకాకి నర్సీపట్నమే కేంద్రం. కచేరీ అక్కడ, తీర్పు అక్కడ. శిస్తు వసూలు చేసి పంపడానికి మాత్రం కొండ మీద ముఠాదారులు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన పోడు ఎక్కడ ఆగాలో కూడా కింద ఉన్నవాళ్ళే గీత గీశారు.

కింద నుంచి పైకి రావాలంటే రోడ్డు కావాలి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పని చేసింది మన తాతలే. గూడెం తహసీల్దారు బాస్టియన్ ఆ పనికి సరిగా కూలి ఇవ్వకుండా జనాన్ని పీడించాడని చరిత్ర పుస్తకాలన్నీ రాస్తాయి. 1922 తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో అదొకటి. ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట పడింది చింతపల్లి పోలీసు స్టేషను మీద. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి మనవాళ్ళు అందులో ముందు నిలబడ్డారు. తిరుగుబాటును అణచడానికి వచ్చిన బలగాలు దిగింది మళ్ళీ నర్సీపట్నంలోనే. ఇవాళ ఆ రోడ్డు మీద బస్సులో పోతూ లంబసింగి మంచుకి సెల్ఫీలు తీసుకుంటాం. మలుపు మలుపుకీ మనవాళ్ళ చెమట ఉందని తెలిసి తీసుకుంటే తప్పులేదు.

అయితే కిందవాళ్ళందరూ పైకి రాకుండా ఆగలేదు. అధికారి భయపడ్డ చోటికి సావుకారు వచ్చాడు. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు పట్టుకుని సంతకి వచ్చాడు, అప్పు ఇచ్చాడు, సంత పక్కనే ఇల్లు వేశాడు. ఎక్కడ ఉంటే లాభమో చూసుకుని ఊరు ఎంచుకున్నవాడు అతనే. బాకీ కింద భూములు పోతుంటే 1917లో ఒక చట్టం చేశారు. ఏజెంటు అనుమతి లేకుండా కొండ తెగల భూమి బయటివాళ్ళకి పోకూడదు అని. స్వతంత్రం వచ్చాక 1959లో మొదటి రెగ్యులేషను, 1963లో అది తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకీ విస్తరించింది, 1970లో దాన్నే గట్టిగా బిగించారు. మనం రోజూ అనే వన్ ఆఫ్ సెవెంటీ అదే. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి పేరు మీదకి మారకూడదు, ఇద్దరు గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారకూడదు. 1997లో సమత తీర్పు ఇంకో మెట్టు ఎక్కింది. ప్రభుత్వం కూడా ఇక్కడి భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదు అంది.

దీన్ని మన అద్దె గొడవకి తగిలించి చూడండి. నర్సీపట్నంలో డబ్బున్నవాడు ఎవడైనా కొంటాడు. అక్కడ మనం నెలజీతంతో కూడబెట్టిన రూపాయిని రియల్ ఎస్టేటువాళ్ళ రూపాయితో పోటీకి పెట్టాలి. చింతపల్లిలో, పాడేరులో చట్టం మన పక్షాన ఉంది. పేర్లు మార్చి, బినామీలు పెట్టి దానికి చిల్లులు పొడిచేవాళ్ళు ఉన్నారు, అది మనకి తెలియనిది కాదు. ఆ చిల్లులు చూసేవాడు, అడిగేవాడు ఊళ్ళో ఉండాలి కదా. చదువుకున్నవాళ్ళందరం కిందకి దిగిపోతే ఎవరు అడుగుతారు?

పని కోసం ఊరు మారడం మనకి కొత్త కూడా కాదు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో గంజాం, విశాఖ కొండల నుంచి ఎంతోమందిని అస్సాం టీ తోటలకి తోలుకుపోయారు. ఏ తోటో, ఏ లైనో ఎంచుకున్నది సర్దారు. మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కోసం జోలాపుట్టు దగ్గర డ్యామ్ కడితే ఊళ్ళు నీళ్ళ కింద పోయాయి. 1955లో కరెంటు తయారైంది, దీపాలు ముందు కింద పట్నాల్లో వెలిగాయి. 1960లలో కొత్తవలస, కిరండూల్ రైలు లైను వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి, అక్కడి నుంచి జపానుకి పోవాలని వేసిన లైను అది. ఆ ప్యాసింజరు రైల్లోనే అరకు వైపు వాళ్ళం పట్నం మొదట చూశాం. ఇన్నిసార్లు కదిలాం గానీ, "ఏ ఊళ్ళో ఉంటావు?" అని మనల్ని అడిగినవాడు లేడు. అన్నని ఇప్పుడు ఆ ప్రశ్న అడగగలుగుతున్నాం అంటే అది చిన్న సంగతి కాదు.

ఇక ఉద్యోగాల చరిత్ర. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. మన చింతపండు, తేనె, అడవి సరుకు కొనడానికి. దాని పెద్దాఫీసు విశాఖపట్నంలో. 1970ల మధ్య నుంచి ఐటీడీఏలు వచ్చాయి. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం అనగానే మనకి గుర్తొచ్చేది ఐటీడీఏ ఆఫీసే. అయినా బడి సంగతి మారలేదు. కింద నుంచి వచ్చే టీచర్లలో చాలామంది బడి ఉన్న ఊళ్ళో ఉండేవాళ్ళు కాదు. వానొస్తే రారు, జీపు దొరక్కపోతే రారు. వచ్చినా పిల్లల భాష తెలియదు. అందుకే 1986లో 275 నంబరు జీవో, దాని మీద కేసులు నడిచాక 2000 జనవరి 10న 3 నంబరు జీవో వచ్చాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. దానికి చెప్పిన ముఖ్య కారణం చూడండి: టీచర్లు బడికి రాకపోవడం. ఇక్కడే ఉండేవాడైతే బడి తెరుచుకుంటుంది అన్న నమ్మకం మీద నిలబడ్డ జీవో అది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషను చెల్లదంది. 1950 జనవరి 26 నుంచి అక్కడే ఉంటున్న కుటుంబాలకే ఇవ్వడం కూడా తప్పంది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది. రెండు రాష్ట్రాల్లోనూ మనవాళ్ళం రోడ్డెక్కాం, బందులు చేశాం, ఇంకా అడుగుతూనే ఉన్నాం. అడగాల్సిందే.

ఇక్కడ మాలో మేం ఒప్పుకోవడానికి కష్టపడ్డ మాట ఒకటి ఉంది. మనవాడు ఉద్యోగం తెచ్చుకుని నర్సీపట్నంలో కాపురం పెట్టి, పొద్దున్నే జీపెక్కి పదకొండుకి బడికొచ్చి, మూడింటికి దిగిపోతే, ఆ జీవో దేని మీద నిలబడిందో అదే పోతుంది. "స్థానికులకే ఉద్యోగాలు" అని మైకులో అరిచి, మనమే స్థానికులం కాకుండా పోతాం. ఏజెంటు దొర 1839లో చేసింది, మనం ఇప్పుడు బండి మీద చేస్తాం.

ఈ మాట రాయడం తేలిక. కొండ మీద ఉండడం తేలిక కాదు. మా రూమ్‌లో ఒకడి చిన్నాన్న అలాగే మండల కేంద్రంలో ఉన్నాడు. రాత్రిపూట పాపకి ఫిట్స్ వస్తే కిందకి తీసుకెళ్ళడానికి తెల్లారేదాకా బండి దొరకలేదు. పాప బతికింది, వాళ్ళు నెల తిరక్కుండా కిందకి మారిపోయారు. వాళ్ళని తప్పుపట్టే నోరు మాలో ఎవరికీ లేదు. కింద కాపురం పెట్టినవాళ్ళ కష్టం ఇంకోలా ఉంది. ఇంకొకడి అక్క పిల్లలు ఇటుకల పండక్కి ఊరొచ్చారు. మామ్మ ఆదివాసీ ఒడియాలో పిలుస్తుంటే వాళ్ళు తల్లి మొహం చూస్తున్నారు, ఏమంటోందో చెప్పమని. మామ్మ ఆ సాయంత్రం ఎక్కువ మాట్లాడలేదు.

ఊరు మారితే కాయితాల్లో పోయేవి కూడా ఉన్నాయి. 1996 పెసా చట్టం గ్రామసభకి బలం ఇచ్చింది. గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్ళు. కింద స్థిరపడ్డాక ఓటు కూడా కిందకే పోతుంది. రేపు గనులో, రిసార్టో వస్తే చెయ్యెత్తే హక్కు మనకి ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసత్వంగా వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. కానీ దున్నేవాడు లేకపోతే పట్టా ఉన్నా భూమి ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలుసు.

అందరికీ కొండ మీదే పోస్టింగు రాదు, అది కూడా తెలుసు. విశాఖలో ఫార్మా కంపెనీలోనో, మాల్‌లోనో, హైదరాబాదులో కాల్ సెంటర్లోనో పని దొరికినవాళ్ళు అక్కడే ఉండాలి. వాళ్ళకి మేం చెప్పగలిగింది ఒకటే. మనవాళ్ళు నలుగురున్న వీధి చూసుకోండి, పండక్కి ఊరు రాగలిగే దారి ఉంచుకోండి. సంత ఉన్న చోటికి నడిచి చేరుకోవడం మన పెద్దలకి అలవాటే. మనిషికి మనిషి తోడుండాలని ఊరు చూసుకునేవాళ్ళు వాళ్ళు.

ఒక మార్పు మాత్రం మన కళ్ళ ముందే జరిగింది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, పాడేరు జిల్లా కేంద్రం అయింది. 183 ఏళ్ళ పాటు మా వైపు కొండల్ని కింద ఉన్న కలెక్టరే ఏలాడు, ఇప్పుడు కలెక్టరాఫీసే కొండ మీద ఉంది. 2024లో పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాలలో మొదటి బ్యాచి చేరింది. ఆఫీసు వస్తే అద్దె ఇళ్ళు వస్తాయి, ఆసుపత్రి వస్తుంది, మంచి బడి అడిగే తల్లిదండ్రులు వస్తారు. కానీ ఆ తల్లిదండ్రులు అక్కడ ఉంటేనే అడుగుతారు. అందరూ శనివారం మధ్యాహ్నానికి ఘాట్ దిగిపోయే ఊళ్ళో ఏ డాక్టరు ఆదివారం ఉంటాడు?

నాలుగో రోజు అన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాం. ఆయన మొత్తం విని నవ్వాడు. "ఒరే, మీ వదినకి కిందే ప్రైవేటు ఆసుపత్రిలో పని. ఆ జీతం ఎవడిస్తాడు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. కాసేపాగి ఆయనే, "చింతపల్లిలో గది తీసుకుంటా. సోమవారం నుంచి శనివారం దాకా పైన ఉంటా. ఒక ఏడాది చూస్తా. వదినకి పైన పని దొరికితే అందరం ఎక్కుతాం" అన్నాడు. ఒక ఏడాదే అన్నాడు. ఆ ఏడాది నిలబడడానికి మనం ఏం చెయ్యగలం అన్నదే ఇప్పుడు మా ఆరుగురి ప్రశ్న.

అందుకని అక్కలకీ అన్నలకీ ఒక మనవి. ఏజెన్సీలో ఉద్యోగం చేస్తూ మండల కేంద్రంలోనే ఉంటున్నవాళ్ళు మీ ఊరి సంగతి కింద రాయండి. గది అద్దె ఎంత, నీళ్ళు ఏ నెలల్లో కష్టం, ఆడపిల్ల ఒంటరిగా ఉండగలదా, రాత్రి ఆసుపత్రికి బండి దొరుకుతుందా, చంటిపిల్లల బడి ఎలా ఉంది. ఉట్నూరు, భద్రాచలం వైపు వాళ్ళు కూడా రాయండి. కింద ఉంటున్నవాళ్ళు ఎందుకు దిగాల్సి వచ్చిందో మొహమాటపడకుండా చెప్పండి, ఎవరూ నిందించరు. అన్నీ ఒక చోట రాసి పెడతాం. రేపు మా ఆరుగురిలో ఎవరికైనా ఆర్డరు వస్తే, రూమ్ ఎక్కడ తీసుకోవాలని అడగడానికి ఒక చోటు ఉంటుంది.