నోరు విప్పకుండా చప్పట్లు కొట్టించుకున్న లెక్కల మాస్టారు

ఈరోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క సంఖ్య కథ చెప్పుకుందాం. 67 రెండ్లని వరసగా వేసి గుణించండి. వచ్చినదాంట్లోంచి 1 తీసేయండి. 147573952589676412927 వస్తుంది. మొత్తం 21 అంకెలు. ప్రశ్న మాత్రం చిన్నదే. ఇది ప్రధాన సంఖ్యేనా? అంటే 1తో, తనతో తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగం పోదా?

1644లో మెర్సెన్ అనే ఫ్రెంచ్ సన్యాసి ఇలాంటి సంఖ్యల జాబితా ఒకటి అచ్చువేశాడు. అందులో మన సంఖ్యని ప్రధాన సంఖ్యే అన్నాడు. రుజువు ఇవ్వలేదు. చేత్తో సరిచూసే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? రెండు వందల ఏళ్ళు దాటినా ఆ మాట అలాగే నిలబడింది.

1876లో ఫ్రాన్స్‌లోనే ఎడ్వార్ ల్యూకా అనే ఆయన ఒక పరీక్ష కనిపెట్టాడు. సంఖ్య ప్రధాన సంఖ్యయితే ఆ లెక్క చివర ఫలానా జవాబు రావాలి. రాలేదు! అంటే మెర్సెన్ మాట తప్పు. కానీ ఏ రెండు సంఖ్యల్ని గుణిస్తే ఇది వస్తుందో ల్యూకాకీ తెలీదు. వింతగా ఉంది కదా? పనసకాయని తట్టి పండిందని చెప్పొచ్చు. లోపల ఎన్ని తొనలున్నాయో తెలియాలంటే మాత్రం కోయాల్సిందే.

ఆ కోసే పని ఎంత కష్టమో చూడండి. ఈ సంఖ్యకి కారణాంకం ఏదైనా సరే, 134తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటివాటినే వరసగా ప్రయత్నిస్తూ పోయినా, అసలుది దొరికేది 14,45,580వ ప్రయత్నంలో!

1903 అక్టోబర్ 31న న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఫ్రాంక్ నెల్సన్ కోల్ బోర్డు దగ్గరికి వెళ్ళాడు. తర్వాత ఇ.టి. బెల్ రాసినదాని ప్రకారం, ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఒక పక్క మన సంఖ్యని లెక్కకట్టాడు. ఇంకో పక్క 193707721ని 761838257287తో గుణించాడు. రెండూ ఒకటే! వెళ్ళి కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు. దీనికి ఎంతకాలం పట్టిందని అడిగితే, మూడేళ్ళ ఆదివారాలు అన్నాడట.

అసలు పాయింట్ ఇదే ఫ్రెండ్స్. వెతకడానికి ఏళ్ళు పట్టింది, సరిచూడ్డానికి కాసేపు చాలింది. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ ఈ తేడానే తాళంగా మార్చారు. అదే ఆర్‌ఎస్‌ఏ. కోల్ సంఖ్యని ఇప్పుడు మీ ఫోన్ కూడా క్షణంలో విడగొట్టేస్తుంది. అందుకే ఇప్పటి ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో ఆరు వందలకి పైగా అంకెలున్న సంఖ్యలు వాడతారు. వాటిని విడగొట్టడం కంప్యూటర్లకి కూడా ఇంకా చేతకాలేదు.

కోల్ చేసిన గుణకారం మీరూ కాగితం మీద చేసి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో కామెంట్‌లో రాయండి. కాలిక్యులేటర్ ముట్టుకోవద్దు సుమా! వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.