రహీం సాబ్ కట్టిన జట్టు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశమేదీ అంతకుముందు అంత దూరం వెళ్లలేదు. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషి. జట్టులోని అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం కూడా ఆ ఊరి మైదానాల్లో పెరిగినవాళ్లే. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన చిత్తూరు జిల్లాకు వాళ్లు ఆ నవంబరు నుంచే సొంత రాష్ట్రపు ఆటగాళ్లయ్యారు. అయినా వాళ్ల కథ మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. 2024లో ‘మైదాన్’ హిందీ సినిమా వచ్చాకే చాలామంది రహీం పేరు విన్నారు.

ఆ గెలుపుకి పునాది ఒక కాలేజీలో, కొన్ని బడుల్లో పడింది. 1909 ఆగస్టు 17న పుట్టిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టుకు ఆడారు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ‘ఎలెవెన్ హంటర్స్’ అని ఒక జట్టు ఉండేది. మూసీ ఒడ్డునున్న సిటీ కాలేజీ విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ కలిసి కట్టిన జట్టది. రహీం అందులోనూ, తర్వాత పేరున్న కమర్ క్లబ్‌లోనూ ఆడారు. పొట్టకూటికి ఎంచుకున్నది మాత్రం పంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత కూడా నెత్తికెత్తుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు.

ఆయన పద్ధతుల్లో ఒకటి ఈనాటి కోచ్‌లు కూడా చూసి నేర్చుకోదగ్గది. కుడి కాలి వాటం ఉన్న పిల్లవాడు ఎడమ కాలితోనే బంతి తన్నాలి, ఎడమ వాటం వాడు కుడి కాలితోనే తన్నాలి. అలవాటు లేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి ఏకంగా పోటీలే జరిపించారు. అలా ఆడితే మొదట్లో బంతి ఎటో పోతుంది, పాస్ పక్కవాడి దాకా అందదు. పట్టు వదలకుండా ఆడితే రెండు కాళ్లూ సమానంగా పనిచేస్తాయి. అలాంటి ఆటగాడు ఎటు తిరుగుతాడో ఎదుటివాడు పసిగట్టలేడు. బంతిని కాళ్ల దగ్గర అట్టిపెట్టుకుని విన్యాసాలు చేయడం కంటే, అందగానే తోటివాడికి చేరవేయడమే మేలని రహీం నేర్పారు. ఒంటరి నైపుణ్యానికే చప్పట్లు పడే కాలంలో ఆయన పదకొండు మందినీ ఒక్క మనిషిలా ఆలోచించమన్నారు.

ఆ చదువు 1950లో ఫలించింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు పగ్గాలు ఆ ఏడు రహీం చేతికొచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక తొలిసారి డ్యూరాండ్ కప్ జరుగుతోంది. ఫైనల్లో ప్రత్యర్థి మోహన్ బగాన్. 1911లోనే తెల్లవాళ్ల జట్టును ఓడించి దేశమంతా పేరు మోసిన కలకత్తా క్లబ్ అది. తొలి ఆటలో ఫలితం తేలలేదు. మళ్లీ ఆడితే హైదరాబాద్ 1-0తో గెలిచింది. అదే ఏడు బొంబాయిలో రోవర్స్ కప్ కూడా పోలీసు జట్టుదే. ఆ కప్పును 1954 దాకా, వరసగా ఐదేళ్లు, ఇంకెవరికీ దక్కనివ్వలేదు. భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తానే అనే మాటకు అక్కడితో కాలం చెల్లింది.

దేశం జట్టును కూడా రహీం అలాగే దిద్దారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో, చలిలో, ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి మొదటి గోలు మనదే. చివరికి 1-4తో ఓడినా, నాలుగేళ్లలో ఎంత ఎదిగామో ఆ ఆటే చెప్పింది. 1962లో క్యాన్సర్‌తో ఒళ్లు గుల్లవుతున్నా రహీం జట్టును జకార్తా ఆసియా క్రీడలకు నడిపించారు. తొలి ఆటలో తమను ఓడించిన దక్షిణ కొరియానే ఫైనల్లో 2-1తో గెలిచి ఆయన శిష్యులు రెండో స్వర్ణం తెచ్చారు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ అందులో ఒక గోలు కొట్టాడు. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు.

ఆయన తర్వాత కూడా నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ లాంటి మేటి ఆటగాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చారు. కానీ వాళ్లకు బతుకూ పేరూ దొరికింది కలకత్తా క్లబ్బుల్లో. సొంతూళ్లో బడి నుంచి జట్టు దాకా పిల్లవాణ్ణి చెయ్యి పట్టి నడిపించే ఏర్పాటు సన్నగిల్లింది, దాంతోపాటే గెలుపులూ తగ్గాయి.

మన తిరుపతిలో ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ 1945 నుంచీ, విశ్వవిద్యాలయం 1954 నుంచీ ఉన్నాయి. పల్లెల నుంచి వచ్చి చదువుకునే పిల్లలకు ఇక్కడ కొదవ లేదు. పొరుగున అనంతపురంలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పి లీగ్ నడిపిస్తోంది కాబట్టి, సీమ నేలకు ఈ ఆట పడదనడానికి లేదు. కావలసింది రహీం సాబ్ లాంటి పంతులికి చోటివ్వడం. పోటీలకు వారం ముందు పేర్లు రాసుకుని జట్టు కడితే కప్పులు రావు. పీడీ సారుకు కొన్నేళ్లు నిలకడగా పిల్లల్ని అప్పగించాలి, పరీక్షల పేరు చెప్పి సాయంత్రం ఆట గంటను లాగేసుకోకూడదు. హైదరాబాద్‌ను దేశానికి మేటిగా నిలిపినవాడు జీతం మీద బతికిన ఒక బడిపంతులు. అంతపాటి పని చేయగల పంతుళ్లు మన కాలేజీల్లోనూ ఉన్నారు, వాళ్లకు ముందు మైదానమూ సమయమూ ఇద్దాం.