పత్తిలో పెరుగుదల నియంత్రకాలు

పత్తి స్వతహాగా బహువార్షిక మొక్క. పూత మొదలైనా కాండం ఎదుగుదల ఆగదు. నల్లరేగడిలో వానలు బాగా పడి, నత్రజని ఎక్కువైతే మొక్క ఏపుగా పెరిగి, గాలీ వెలుతురూ అందక అడుగు గూడ, పిందె రాలిపోతాయి. ఈ అతి పెరుగుదలను అదుపు చేయడానికి వాడే ముఖ్యమైన మందు మెపిక్వాట్ క్లోరైడ్. ఇది మొక్కలో జిబ్బరెల్లిన్ తయారీని తగ్గిస్తుంది. ఆ తర్వాత వచ్చే కణుపుల మధ్య దూరం తగ్గుతుంది, ఆకులు చిన్నవై ముదురాకుపచ్చగా మారుతాయి. అప్పటికే సాగిన కణుపులు మాత్రం పొట్టివి కావు, కాబట్టి ఆలస్యంగా కొడితే ఖర్చే మిగులుతుంది. తెలుగు రాష్ట్రాల్లోనూ చేపట్టిన, మొక్కలను దగ్గరగా విత్తే అధిక సాంద్రత సాగులో దీన్ని సాధారణంగా విత్తిన 45, 65 రోజుల ప్రాంతంలో పిచికారీ చేస్తారు. 5 శాతం మందును లీటరు నీటికి 1 మి.లీ. కలిపితే 50 పీపీఎం ద్రావణం అవుతుంది. బెట్టకు వాడిన చేనులో దీన్ని కొట్టకూడదు. ఎదుగుదల కుంగి దిగుబడి పడిపోతుంది.

ప్లానోఫిక్స్‌గా రైతులెరిగిన ఎన్‌.ఏ.ఏ. పని వేరు: గూడ, పూత రాలడాన్ని తగ్గిస్తుంది. పురుగు తొలిచినందువల్ల రాలితే దానితో ఫలితం ఉండదు. ఎథెఫాన్ కాయలు త్వరగా పగలడానికి, థిడియాజురాన్ ఆకు రాల్చడానికి యంత్రాలతో తీసే పత్తిలో ఉపయోగపడతాయి. మెపిక్వాట్ దిగుబడిని అన్నిచోట్లా పెంచదు. మొక్కను గుబురు కానివ్వకుండా అదుపులో ఉంచడమే దాని నికరమైన మేలు.