చీరాల-పేరాల పన్నుకథ

ఇంటిపన్ను మాట యెఱుఁగని గృహస్థు మన కృష్ణాతీరమున లేఁడు. వీథిదీపములు, మంచినీరు, బాటలు సమకూర్తుమని చెప్పి పన్ను హెచ్చించుట నేఁటి మాట కాదు. ఆ మాటను ప్రజలు నిరాకరించిన వృత్తాంత మొకటి నేఁడు మీకు మనవి చేయుచున్నాను.

చీరాల, పేరాలలు మొదట యూనియను పాలనమున నుండెను. ఏటి పన్ను సుమారు 4,000 రూపాయలు. 1920 నాటికి మదరాసు ప్రభుత్వము వానిని పురపాలక సంఘముగా మార్పఁగా, పన్ను సుమారు 40,000కు చేరునని తేలెను. నివాసులలో పెక్కండ్రు నేఁతగాండ్రు, సేద్యగాండ్రు. పదిరెట్లు చెల్లింపఁజాలమని వారు మొఱపెట్టుకొనిరి, ప్రభుత్వము వినలేదు.

1921 మార్చి 31న బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. అందులకై వచ్చిన గాంధిగారు ఏప్రిలు 6న చీరాలను దర్శించి, శాంతముగాఁ బన్ను నిరాకరించుట, లేదా ఊరు విడుచుట యను రెండు త్రోవలు చూపిరి. సంఘపు టెల్ల దాఁటినవారికిఁ బన్ను వర్తింపదు గదా! కృష్ణామండలమువారైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు జనులను రెండవ త్రోవను నడపిరి. వేలకొలఁది జనులు ఇండ్లు విడిచి, ఎల్లకవతల రామనగరమను పేరఁ బాకలు వేసికొని, ఎండవానల కోర్చి సుమారు పదునొకండు మాసములు నివసించిరి. దుగ్గిరాలవారు బరంపురమున నిర్బంధింపఁబడి యొక సంవత్సరము చెఱకుఁ బోవుటచే ఉద్యమము సడలెను. జనులు మరల నిండ్లు చేరిరి.

వారోడిరందురా? నేనట్లనను. పన్నే వలదని వారనలేదు. రాఁబడికి మించిన పన్ను, తమ సమ్మతి లేని యేర్పాటు వలదనిరి. 2020లో మన రాష్ట్రము అద్దెవిలువకు మాఱుగా ఆస్తి మూలధన విలువపై పట్టణములలో నింటిపన్ను లెక్కింపఁ జట్టము చేసినది. లెక్క మాఱినను ప్రశ్న యదియే: ఇచ్చువాని శక్తి యెంత, పుచ్చుకొనువాఁడు చెల్లించిన మాట యెంత? ఈ రెండును అడుగుట పెద్దల విధియని నా మనవి.